ఫోనక్కకి మేం నేర్పిన అబద్ధం

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఇది: బాగోలేని మనిషి ఒకతె బాగానే ఉన్నానని చెబుతుంది, విన్నవాళ్ళు సరేననుకుని వెళ్ళిపోతారు. మిగతా భయాలు నాకు చాలానే ఉన్నాయి. బుజ్జిది నిద్రలో ఊపిరి తీస్తోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. గ్యాస్ కట్టానో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తాను. ఉయ్యాల కొక్కేన్ని రోజుకి నాలుగుసార్లు లాగి చూస్తాను. మా ఆయన నన్ను "ఇన్‌స్పెక్టరమ్మా" అని పిలిచేది అందుకే. కానీ అవన్నీ వెళ్ళి చూసుకుంటే తీరిపోయే భయాలు. మొదటిది అలా తీరేది కాదు. ఎందుకంటే ఆ విన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

నా చదువు పదకొండో తరగతి మధ్యలో ఆగింది. పెళ్ళయ్యాక చదువుకోవచ్చులే అన్నారు. పెళ్ళయ్యాక, పిల్ల పుట్టాక చూద్దాంలే అన్నారు. అన్నవాళ్ళంతా నా మేలు కోరినవాళ్ళే. పిల్ల పుట్టాక ఎవరూ ఏమీ అనలేదు, నేనే అడగడం మానేశాను. బుజ్జిదానికి ఐదో నెల వచ్చినప్పుడు ఈ వినే పని దొరికింది. ఫోనూ, చెవిలో పెట్టుకుని వినే ఇయర్‌ఫోన్ పోగులూ వాళ్ళే ఇచ్చారు. ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చు, మంగళవారం ఒక్కరోజు ఆఫీసుకి వెళితే చాలు. ఆఫీసంటే జిరాక్స్ షాపు పైన ఒక పొడుగాటి గది, అందులో పదిహేను కుర్చీలు, గోడకి ఒక నినాదం: ఇల్లు కదలకుండా ఉపాధి. ఇల్లు కదలకుండా మేం చేసే మిగతా పనులకి ఆ గోడ మీద చోటు చాలలేదు.

పని ఏమిటో చెబుతాను. ఇదివరకు కాన్పు అయిన ప్రతి తల్లి ఇంటికీ ఆరోగ్య శాఖ నుంచి ఒక నర్సు వచ్చి వెళ్ళేది. నర్సులు తక్కువ, ఇళ్ళు ఎక్కువ. అందుకని ఒక కంపెనీ చేత యంత్రాన్ని పెట్టించారు. బిడ్డకి ఏడాది నిండేదాకా అది వారానికోసారి తల్లికి ఫోన్ చేసి, తియ్యటి గొంతుతో నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. మేమంతా దానికి ఫోనక్క అని పేరు పెట్టుకున్నాం. అడగడం వచ్చింది గానీ ఫోనక్కకి అర్థం చేసుకోవడం ఇంకా రాలేదు. అది నేర్పడమే మా పని. తల్లి చెప్పిన జవాబు మా చెవిలోకి వస్తుంది. పేరు ఉండదు, ఊరు ఉండదు, ఒక అంకె ఉంటుంది. విని మూడు బటన్లలో ఒకటి నొక్కాలి. ఆకుపచ్చ నొక్కితే తల్లి క్షేమం. పసుపు నొక్కితే మర్నాడు మళ్ళీ ఫోన్. ఎరుపు నొక్కితే నర్సు ఇంటికి వెళుతుంది. ఒక్కో గొంతుని ముగ్గురం విడివిడిగా వింటాం. ఇద్దరిది ఒకటే అయితే అదే తీర్పు, మూడోదానికి మార్కులు తగ్గుతాయి. మమ్మల్ని చూసి చూసి ఫోనక్క నేర్చుకుంటుంది. పూర్తిగా నేర్చుకున్నాక మేం అక్కర్లేదు, తనే వింటుంది, తనే తీర్పు చెబుతుంది.

పనిలో చేరినప్పుడు మాకిచ్చిన పుస్తకంలో నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. గొంతు వణికితే, ఏడుపు వినిపిస్తే, మాట మధ్యలో తెగిపోతే ఎరుపు. ఫోనక్క "ధన్యవాదాలు" అన్నాక వినిపించేది ఏదైనా సరే, లెక్కలోకి తీసుకోకూడదు.

నేను ఒక చెవికే పోగు పెట్టుకునేదాన్ని. రెండోది బుజ్జిదానిది. ఒక చేత్తో దాని గుడ్డలు మడతపెడుతూ, రెండో చేత్తో బటన్ నొక్కుతూ, కాలితో ఉయ్యాల ఊపుతూ ఉంటే మా అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసి, "అష్టావధానం చేస్తున్నావా అమ్మాయ్" అనేది. ఇంకోసారి, "వినడం కూడా పనేనా? మీ మామయ్య ఉన్నన్నాళ్ళూ ఆయన చెప్పిందే చెబితే విన్నాను. నాకెవరూ జీతం ఇవ్వలేదే" అంది. నవ్వొచ్చింది. నవ్వాక, నిజమే కదా అనిపించింది. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. మోచేతులదాకా నల్లగా ఇంటికొచ్చి, "నీ పనే హాయి, కూర్చుని చేసేది" అనేవాడు. చెడ్డమనిషి కాదు. అంటూనే బుజ్జిదాన్ని ఎత్తుకోబోయేవాడు, "ముందు చేతులు" అని అత్తయ్యా నేనూ ఒక్కసారే అరిచేవాళ్ళం, నేరం చేసినవాడిలా రెండు చేతులూ పైకెత్తి వెనక్కి నడిచేవాడు. మా ఇంట్లో నవ్వులకి లోటు లేదు. అది ముందే చెప్పాలి. లేకపోతే ఈ కథని మీరు తప్పుగా అర్థం చేసుకుంటారు.

నలభై ఒకటి గొంతు నాకు మొదటి నెలలోనే వచ్చింది. అంకె పొడుగ్గా ఉంటుంది, చివరి రెండూ గుర్తుండిపోయాయి. చిన్న వయసు గొంతు. మీకు నిద్ర పడుతోందా అని ఫోనక్క అడిగింది. "బాబు బాగా పడుకుంటాడండీ" అంది. వేళకి తింటున్నారా అని అడిగింది. "అందరూ తినేశారండీ" అంది. ఒంట్లో ఎలా ఉంది అంటే, "మా ఆయనకి జ్వరం తగ్గిందండీ." ఆఖరున, మీరు ఎలా ఉన్నారు అని అడిగితే కొంచెంసేపు ఏమీ లేదు. చుక్కచుక్కగా నీళ్ళు కారుతున్న చప్పుడు. ఎక్కడో గోడ గడియారం గంటలు కొట్టింది. పెదవి కరిచిపెట్టి మాట్లాడితే వస్తుందే ఆ గొంతుతో, "బాగానే ఉన్నానండీ" అంది. ధన్యవాదాలు, మళ్ళీ వారం మాట్లాడతాను అంది ఫోనక్క. అప్పుడు ఆ పిల్ల గబగబా, "ఇంకాసేపు మాట్లాడతారా?" అని అడిగింది. ఫోన్ అప్పటికే తెగిపోతోంది. వెనక నుంచి ఎవరో "ఎవరితోనే?" అన్నారు. "ఎవరూ లేరు" అంది.

నేను ఆకుపచ్చ నొక్కాను.

తెలియక నొక్కలేదు. వేలు ఎరుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఎందుకు వెనక్కి వచ్చిందో చెప్పాలంటే మా ఇంటికి నర్సు వచ్చిన రోజు గురించి చెప్పాలి.

బుజ్జిదానికి అప్పుడు రెండో నెల. పొద్దున్న లేవగానే ఎందుకు తెల్లారిందా అనిపించేది. పిల్ల ఏడిస్తే నా ఒళ్ళు రాయిలా అయిపోయేది. పిల్ల మీద ప్రేమ లేక కాదు. భయంతో. స్నానాల గదిలో పంపు తిప్పేసి, ఆ చప్పుడు మాటున ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేదాన్ని. ఒకరోజు ఫోనక్క "మీరు ఎలా ఉన్నారు?" అని అడిగింది. ఆ ప్రశ్న రెండు నెలల్లో నన్ను ఎవరూ అడగలేదు. పాలు పడుతున్నాయా అన్నారు, పిల్ల రంగు తేలిందా అన్నారు. నాకు ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. రెండోరోజు మా గుమ్మం ముందు స్కూటర్ ఆగింది. నర్సు లోపలికి వస్తూనే అందరి ముందూ, "మీ కోడలు ఫోన్లో ఏడ్చిందట కదమ్మా" అంది. మా అత్తయ్య మొహం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. నర్సు వెళ్ళేదాకా ఆగింది. తర్వాత, "ఇంట్లో మనుషులు లేరనా, మిషనుకి చెప్పుకున్నావు?" అంది. మా ఆయన కంచం ముందు కూర్చుని, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, "నేనేం తక్కువ చేశానో చెప్పు" అన్నాడు. ఇద్దరూ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ వారం నుంచి ఫోనక్క ఫోన్ రాగానే అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి, "బాగానే ఉన్నానండీ, ఏ లోటూ లేదు" అని చెప్పేదాన్ని. నవ్వు కూడా కలిపేదాన్ని.

అందుకని ఏ తల్లి గొంతు వణికినా నాకు ఆ గుమ్మం గుర్తొచ్చేది. ఎరుపు నొక్కితే స్కూటర్ వెళుతుంది, ఇంటిల్లిపాది ముందూ ఆ పిల్ల తల దించుకుంటుంది. పాపం, ఎందుకులే అని ఆకుపచ్చ నొక్కేదాన్ని. ప్రేమతోనే నొక్కానని అనుకున్నాను. నెలలు గడిచేకొద్దీ వేలు ఆలోచించడం కూడా మానేసింది.

ఒక మంగళవారం మా సూపర్‌వైజరు తెగ సంతోషంగా ఉంది. ఆమెని మేం పెద్దక్క అంటాం. పైవాళ్ళు తిడితే తను తిని మాకు సగమే పెట్టే మనిషి. "మీ ముగ్గురి జట్టుకి నూటికి తొంభై ఆరు. ముగ్గురూ ఒక్కమాట మీద ఉన్నారు. ఫోనక్క మీ దగ్గరే బాగా నేర్చుకుందట. ఈ నెల మన దగ్గర తననే తీర్పు చెప్పనిచ్చి చూస్తున్నారు, వచ్చే నెల నుంచి దేశమంతా పెడతారు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. రెండు చప్పట్ల తర్వాత నా చేతులు ఆగిపోయాయి. నేను తప్పు నొక్కుతున్నానని నాకు తెలుసు. మరి నా తప్పుకి మార్కులెందుకు తగ్గడం లేదు? మిగతా ఇద్దరూ సరిగ్గా నొక్కుతుంటే నేను ఎప్పుడో దొరికిపోవాలి కదా.

దిగేటప్పుడు మెట్ల మీద టైలరక్కని పట్టుకున్నాను. ఈ పనికి ముందు బట్టలు కుట్టేది, ముగ్గురు పిల్లల తల్లి, మా జట్టులో రెండో ఆమె. "అక్కా, గొంతు వణికితే నువ్వేం నొక్కుతావు?" అన్నాను.

నా వైపు చూసింది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నువ్వేం నొక్కుతావో అదే."

"ఎందుకక్కా?"

"నా రెండో కాన్పుకి మా ఇంటికి వచ్చింది నర్సు. ఇక చాలు, అడక్కు" అని రెండు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది, "ఆ మూడో ఆమె కూడా అంతేనే. ఆమె అయితే ఎరుపు బటన్ ఎక్కడుందో కూడా మర్చిపోయానంటుంది."

మేం ముగ్గురం ఎప్పుడూ కూడబలుక్కోలేదు. ఎవరికి వాళ్ళం, ముక్కూ మొహం తెలియని తల్లుల పరువు కాపాడుతున్నామనుకుని, ఒకే అబద్ధం చెప్పాం. ఆ అబద్ధానికి నూటికి తొంభై ఆరు. ఫోనక్క బుద్ధిగా నేర్చుకుంది: పెదవి కరిచిపెట్టిన గొంతు వినిపిస్తే, తల్లి క్షేమం.

ఆ వారంలోనే స్కూటర్ నర్సు మా వీధిలో కనబడింది. టీకాల డబ్బా సర్దుకుంటోంది. బుజ్జిదాని బుగ్గ గిల్లి, "ఈ నెల నాకు ఒక్క ఎరుపూ రాలేదమ్మా. ఇన్ని ఊళ్ళు తిరిగేదాన్ని, ఒక్క ఎరుపూ లేదు. తల్లులందరూ ఒక్కసారే బాగుపడ్డారంటావా?" అంది. నవ్వుతూనే అంది. చంకలో పిల్ల జారిపోతున్నట్టనిపించి గట్టిగా పట్టుకుంటే అది కెవ్వుమంది.

ఆదివారం మా ఆయన పాత బస్సు ఇంజన్ గురించి చెబుతూ కూర్చున్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించి వింటారట. డ్రైవర్ బాగానే ఉందన్నా, మీటర్ బాగానే ఉందన్నా నమ్మరట. "ఇంజన్ని అడగమే, వింటాం. అనుమానమొస్తే నాలుగు కిలోమీటర్లు నడిపి మళ్ళీ వింటాం" అన్నాడు గర్వంగా.

"నన్నెప్పుడైనా అలా విన్నారా?" అన్నాను.

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. మా ఆయన నవ్వబోయి మానేశాడు. చాలాసేపు గోళ్ళలో నల్లటి మరక గీక్కుంటూ కూర్చున్నాడు. "లేదు" అన్నాడు చివరికి. "నువ్వు బాగానే ఉన్నానంటే, హమ్మయ్య అనుకున్నాను." తర్వాత లేచి, అడక్కుండానే వెళ్ళి అంట్లు తోమాడు. అడుగంటిన గిన్నెని బాగా రుద్దకుండానే బోర్లించాడు. నేను చూసీ ఏమీ అనలేదు. ఇన్‌స్పెక్టరు ఆ రోజు సెలవు.

అప్పుడే సభ సంగతి వచ్చింది. ఇలాంటి యంత్రాలన్నిటికీ కలిపి దేశంలో ఒక చట్టం తెస్తున్నారట. కృత్రిమ మేధ ఎవరి జీవితంలోకి ఎంతవరకు రావచ్చు, తప్పు జరిగితే ఎవరు జవాబు చెప్పాలి, ఇవన్నీ అందులో రాస్తారట. రాసేముందు ఊరూరా జనం మాట వింటున్నారు. మా ఊళ్ళో లైబ్రరీ హాల్లో పెట్టారు. కంపెనీ తరఫున పనిచేసే ఆడవాళ్ళిద్దరిని పంపమన్నారని పెద్దక్క నన్నూ టైలరక్కనీ పిలిచింది. "పెద్దగా మాట్లాడక్కర్లేదు. ఇంటిపట్టున ఉండి సంపాదించుకుంటున్నామని చెప్పండి. నువ్వు పాపని కూడా తెచ్చుకో, ఫోటోలో బాగుంటుంది" అంది నాతో. అంటూ తనే సిగ్గుపడింది.

ఇంటికొచ్చి అత్తయ్యకి మొత్తం చెప్పేశాను. నలభై ఒకటి సంగతి, ఆకుపచ్చ సంగతి, తొంభై ఆరు సంగతి. అత్తయ్య చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరడం ఆపలేదు. "ఆ రోజు నేనన్న మాట వల్లే కదా" అంది.

"అది కాదత్తయ్యా..."

"అదే. నాకు కోపం రాలేదే అమ్మాయ్. సిగ్గేసింది. అడుగు దూరంలో పడుకున్న పిల్ల నాకు చెప్పకుండా మిషనుకి చెప్పుకుందే, నేను అంత పనికిరానిదాన్నా అని." ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "నీ మొగుడు పుట్టినప్పుడు నేను రెండు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నా. వీడిని చూస్తే భయమేసేది. బాలింత బద్ధకం అన్నారు, నేనూ అదేననుకున్నా. నిన్ను చూస్తుంటే నాకు తెలుసు. తెలిసి కూడా అడగలేదు. అడిగితే నాదీ చెప్పాల్సొస్తుందని." చాట పక్కన పెట్టేసి, "సభ ఎన్నింటికి? నేనూ వస్తా. వాడి పనికి వాణ్ణి పొమ్మను. చంటిదాన్ని నేను పట్టుకుంటా, నువ్వు రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని మాట్లాడు" అంది.

రెండు చేతులూ ఖాళీగా ఉండడం నాకు అలవాటు లేదు. హాల్లో నిలబడ్డాక వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందు వరసలో రిటైరైన జడ్జిగారు, తెల్ల జుట్టు ఆవిడ, పక్కన ఇద్దరు లాయర్లు, ఇంకో పక్క కంపెనీ సారు. టైలరక్క ముందు మాట్లాడింది. ఇంటిపట్టున ఉంటున్నామండీ అని చెప్పి గబుక్కున కూర్చుని నా చెయ్యి నొక్కింది. ఆ నొక్కడం ఎందుకో నాకు తెలుసు. ముందురోజు ఫోన్లో "నువ్వు చెబితే నేను కాదనను, అంతవరకే నా ధైర్యం" అంది.

చెప్పాను. రెండు చేతులతోనూ కుర్చీ వీపు పట్టుకుని, మేం ముగ్గురం ఏం నొక్కామో, ఎందుకు నొక్కామో చెప్పాను. కంపెనీ సారు ముందు తేరుకున్నాడు. "నిబంధనలు స్పష్టంగా ఉన్నాయండీ. వీళ్ళు పాటించలేదు. ఇది పనివాళ్ళ తప్పు" అన్నాడు. ఒక లాయరు, "మరి మీరెందుకు పట్టుకోలేదు?" అని అడిగాడు. ముగ్గురి జవాబూ కలిసిందని ఆయన చెప్పాడు. ముగ్గురు ఎలాంటివాళ్ళో ఎవరు చూశారని లాయరు. అది ఆరోగ్య శాఖ నిర్ణయమని ఆయన. ఆరోగ్య శాఖ కుర్చీలో ఉన్నాయన యంత్రం కంపెనీదని అన్నాడు. ఆ తప్పు హాలంతా తిరిగి ఎవరి ఒళ్ళోనూ కూర్చోలేక మళ్ళీ నా దగ్గరికే వచ్చింది, చంటిపిల్లలాగా.

"తప్పు నాదేనండీ" అన్నాను. "నేను నొక్కింది నేనే నొక్కాను. కానీ నర్సు వచ్చాక ఇంట్లో ఏమవుతుందో పుస్తకం రాసినవాళ్ళకి తెలియదు. మాకు తెలుసు. మమ్మల్ని ఎవరూ అడగలేదు, వినమన్నారంతే."

జడ్జిగారు కళ్ళజోడు తీశారు. "నర్సు మీ ఇంటికి వచ్చిన రోజు, ఆ అవమానం తప్ప ఇంకేమీ జరగలేదా అమ్మా?"

లేదండీ అనబోయాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది. ఇన్ని నెలలూ ఆ గుమ్మమే గుర్తుంది, తర్వాతది లేదు. నర్సు ఆ రోజు బుజ్జిదాన్ని నా చేతుల్లోంచి తీసుకుని, వెళ్ళి స్నానం చేసిరా, నేనిక్కడే ఉంటా, తొందరేం లేదు అంది. నేను తలంటుకున్నాను. రెండు నెలల్లో మొదటిసారి, పంపు తిప్పి, ఏడవకుండా. ఎంతసేపు చేశానో తెలియదు. బయటికి వచ్చేసరికి వేళ్ళ చివరలు ముడతలు పడ్డాయి. ఆ రోజు మధ్యాహ్నం పిల్ల ఏడిస్తే ఒళ్ళు రాయి కాలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు బాగోలేను, కానీ ఆ రోజు నుంచే తేరుకోవడం మొదలైంది. సిగ్గు గుర్తుపెట్టుకుని స్నానం మర్చిపోయాను. మర్చిపోయి, ఎంతమంది తల్లులకి ఆ స్నానం లేకుండా చేశాను?

ఇదంతా చెబుతుంటే నా గొంతు వణికింది. నేను ఆపుకోలేదు.

"చట్టంలో ఏముండాలంటారు?" అని జడ్జిగారు అడిగారు.

"చట్టం నాకు తెలియదండీ, నేను పదకొండు కూడా పూర్తి చెయ్యలేదు. బాగున్నానన్న తల్లి ఇంటికి కూడా మనిషి వెళ్ళాలండీ. అందరి ఇళ్ళకీ వెళితే ఎవరికీ సిగ్గుండదు. ఫోన్లో చెప్పింది ఇంట్లోవాళ్ళ ముందు అనకూడదు. ఇంకొకటి, మాకు నాలుగో బటన్ ఒకటి ఇవ్వండి. నాకు తెలియడం లేదు, ఎవరైనా వెళ్ళి చూడండి అని."

కంపెనీ సారు కొంచెం నవ్వాడు, మంచిగానే. "తెలియదు అంటే దాన్నుంచి యంత్రం ఏం నేర్చుకుంటుందమ్మా?"

"తెలియదని చెప్పడం నేర్చుకుంటుంది కదండీ" అన్నాను.

జడ్జిగారు తల వంచుకుని రాసుకున్నారు. వెనక వరసలోంచి మా అత్తయ్య గొంతు, ఎవరో పక్కావిడతో, "మా కోడలే" అనడం హాలంతా వినపడింది.

మంగళవారానికి నా ఫోన్లో పని తెరుచుకోలేదు. పెద్దక్క ఫోన్ చేసి నా చేతిలో లేదమ్మా అంది. నేను "నువ్వెలా ఉన్నావక్కా?" అన్నాను. బాగానే ఉన్నానంది. "సరే, రేపు మీ ఇంటికొస్తున్నా" అన్నాను. వెళ్ళాను. బాగోలేదు. ఆ సంగతి ఆవిడది, ఇక్కడ రాయను.

పది రోజుల తర్వాత ఆ సభ పెట్టిన కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. దేశమంతా పెట్టడం ప్రస్తుతానికి ఆపారట. గత నెల రోజుల గొంతులన్నీ వేరేవాళ్ళతో మళ్ళీ వినిపిస్తున్నారట, నర్సులు ఇళ్ళకి తిరుగుతున్నారట. చట్టంలోకి ఏది వెళుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. నలభై ఒకటి గురించి నేను ప్రత్యేకంగా అడిగాను. దానికి ఒక్క వాక్యం జవాబు: తల్లుల గోప్యత కోసం నెల దాటిన గొంతులని అంకెలతో సహా చెరిపేస్తాము. మంచి నిబంధనే. నేనైనా అదే పెట్టమనేదాన్ని. ఆ మంచి నిబంధన వెనక ఆ పిల్ల ఎక్కడో ఉంది, ఎక్కడని అడగడానికి ఎవరూ లేరు.

అందుకే ఇది రాస్తున్నాను. అత్తయ్య బుజ్జిదాన్ని ఆడిస్తోంది, మా ఆయన అంట్లు తోముతున్నాడు, ఈసారి అడుగు కూడా రుద్దుతున్నాడు. ఆగిపోయిన పదకొండో తరగతికి మళ్ళీ నింపిన దరఖాస్తు నా పక్కనే ఉంది. మేం బాగున్నాం. నిజంగానే అంటున్నాను, నమ్మకపోతే వచ్చి చూసుకోండి.

కానీ ముందు ఇంకో ఇంటికి వెళ్ళండి. ఆ పిల్ల పేరు నాకు తెలియదు. ఒక కొడుకు, ఇప్పుడు ఏడాది దాటి ఉంటుంది, ఫోనక్క ఫోన్లు కూడా ఆగిపోయి ఉంటాయి. వంటింట్లోనో ఎక్కడో పంపు కారుతుంటుంది. గోడ గడియారం తప్పు గంటలు కొడుతుంది. ఫోనక్క ఫోన్ చేసేది మధ్యాహ్నం మూడింటికి, అది ఐదు కొట్టింది. నేను లెక్కపెట్టాను. మీ వీధిలో, మీ మేడ మెట్ల కింద, వేళ కాని వేళ గంటలు కొట్టే ఇల్లేదైనా ఉంటే తలుపు తట్టండి. ఎలా ఉన్నావని అడగొద్దు, బాగానే ఉన్నానంటుంది. బాబుని ఎత్తుకోండి. వెళ్ళి స్నానం చేసిరా, నేనిక్కడే ఉంటా, తొందరేం లేదు అనండి. తను తిరిగి వచ్చాక కూడా, ఇంకాసేపు కూర్చుని మాట్లాడండి.